వెల: మీ ఇష్టం

ఆ రోజు పొద్దున నేను షాపు షట్టరు ఎత్తడానికి వచ్చేసరికి గిలకలదిండి నుంచి ఒకతను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి వచ్చి ఫోనులో ఫోటో చూపించాడు. "మా మావయ్యగారండీ. నిన్న సాయంత్రం పోయారు. ఆరడుగుల ఫ్లెక్సీ కావాలండీ, మధ్యాహ్నానికల్లా" అన్నాడు. భుజం మీద తువ్వాలు, ఒక పక్కకి వంగిన తల, బిగించిన నోరు. చూడగానే గుర్తుపట్టాను. ఊళ్ళో సగంమంది ఆయన్ని మావయ్య అనేవాళ్ళే గానీ, ఇతను మాత్రం నిజంగా అల్లుడట. ఫోటో కింద ఏం రాయమంటారని అడిగాను.

"మీకు తెలిసినాయనే కదండీ. మీ ఇష్టం" అన్నాడతను.

మీ ఇష్టం అనే మాట ఎవరి నోట విన్నా నేను జాగ్రత్త పడతాను. అసలు ఆ మాటని నమ్మినవాడు ఎవడున్నాడు? ఆటో అతను 'మీ ఇష్టం సార్' అన్నాడంటే దిగాక గొడవ ఉందని అర్థం. పురోహితుడు 'మీ ఇష్టం' అని తల వంచుకున్నాడంటే, పళ్ళెంలో నోటు పడ్డాక తల ఎత్తుతాడని అర్థం. మా ఆవిడ 'మీ ఇష్టం' అందంటే ఆ పని పొరపాటున కూడా చెయ్యకూడదని అర్థం. అలాంటి మాటని పుస్తకం అట్ట మీద, వెల ఉండాల్సిన చోట అచ్చు వేయించిన మనిషి ఆయన.

నాది అనుమానపు బుద్ధి, దాచుకునేదేముంది. రీముకి అయిదు వందల కాగితాలు ఉంటాయని కట్ట మీద రాసి ఉంటే, కూర్చుని లెక్కపెట్టిన రోజులున్నాయి. సరిగ్గా అయిదు వందలూ ఉన్నాయి. నేనే తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ మొదలుపెట్టాను. బందరులో కోనేరు సెంటరుకి రెండు సందులు అవతల డీటీపీ, జిరాక్సు, ఫ్లెక్సీ అని బోర్డున్న షాపు నాది. పెళ్ళికార్డు నుంచి పెద్దకర్మ కార్డు దాకా అందరి తప్పులూ దిద్ది అచ్చు వేస్తాను. అడక్కుండా దిద్దడం అలవాటైపోయిన చెయ్యి ఇది. ఆ చేతి సంగతి కాసేపట్లో చెబుతాను.

ఆయన గిలకలదిండి రేవులో చేపల వేలంపాట పాడేవాడు. బోటు ఒడ్డుకి రాగానే సరుకు అరుగు మీద పోస్తారు. సరుకు గలవాళ్ళు ఒక పక్క, వ్యాపారులు చుట్టూ, మధ్యలో పాటగాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఆయన నోటి నుంచి వచ్చిందంటే సరుకు చేతులు మారినట్టే. ముప్ఫై ఏళ్ళకి పైగా అదే పని. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. తన పుస్తకం మీద కూడా వెయ్యనివ్వలేదు మరి. "పేరెందుకండీ, పాటగాడు అని కొట్టండి చాలు" అన్నాడు.

రేవులో అంత గొంతు పెట్టే మనిషి బయట పక్కవాడికి వినపడితే చాలన్నట్టు మాట్లాడేవాడు. ధర అనేది నోటితో అడిగేవాడు కాదు, చెప్పేవాడు కాదు. అరటిపళ్ళ బండి దగ్గర నోటు చాపి నిలబడతాడు, బండివాడు ఇచ్చిన చిల్లర చూడకుండా జేబులో వేసుకుంటాడు. ఇక మూడు అనే మాట రేవు బయట ఆయన నోటి వెంట నేను వినలేదు. టీ చెప్పాలంటే "రెండు టీలండీ, ఇంకోటి" అనేవాడు. ఒకసారి కావాలనే, "ఇవాళ ఎన్నో తారీకు మావయ్యా?" అని అడిగాను. ఆ రోజు మూడు. తల పక్కకి వంచి కాసేపు నా వంక చూసి, "నిన్న రెండండీ" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఇదేదో తిరకాసు మనిషని అప్పుడే అనుకున్నాను.

ఏటా వేసవిలో రెండు నెలలు సముద్రం మీద వేట నిషేధం. బోట్లు కట్టేసి ఉంటాయి, జనం వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, పాటగాడికి పాట ఉండదు. ఊరికే కూర్చోలేక ఆయన అట్టలు కత్తిరించి, చేపల బొమ్మలు వేయించి ఒక ఆట తయారుచేశాడు. నలుగురు ఆడాలి. ఒకరు బోటు యజమాని, ఒకరు పాటగాడు, మిగిలిన ఇద్దరూ వ్యాపారులు. వంతులవారీగా స్థానాలు మారతాయి. డబ్బుకి బదులు చింతగింజలు. వంజరం అట్ట, చందువ అట్ట, కానాగంతల అట్ట, ఒక్కోదానికి ఒక్కో విలువ. యజమాని ముందు కొన్ని ఐసు ముక్కలు, అంటే తెల్ల గవ్వలు. పాట సాగేకొద్దీ ఒక్కోటి తీసేయాలి. ఐసు అయిపోతే సరుకు కుళ్ళిపోయినట్టు. వలలు పక్కన పడేసి మరీ ఆడారట రేవులో.

గుడివాడలో ఒక లెక్చరరమ్మ ఉంది. ఆదివారాలు ఒక ట్యూషన్ గదిలో, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటల పిచ్చి ఉన్నవాళ్ళని పోగేస్తుంది. పిల్లలు కాదు, బ్యాంకు ఉద్యోగులు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఒక పశువుల డాక్టరు. వేలు పోసి ఆట పెట్టెలు తెప్పించుకుని, లావుపాటి రూల్సు పుస్తకాలు చదువుకుని మరీ ఆడతారు. వేట మళ్ళీ మొదలయ్యాక ఆమె చేపలు కొనడానికి రేవుకి వచ్చి, తీరిక వేళ ఆడుతున్న ఈ ఆట చూసింది. రూల్సు రాసివ్వండి మావయ్యగారూ, నెట్లో పెడతాను అంది. అక్కడ ఒక పద్ధతి ఉందని కూడా చెప్పింది. ఆట తయారుచేసినవాళ్ళు రూల్సు మాత్రమే అమ్ముతారు, అట్టలూ గింజలూ ఎవరివి వాళ్ళు చూసుకోవాలి. వెల దగ్గర చాలామంది అంకె వెయ్యరు. తీసుకునేవాళ్ళే తోచినంత ఇస్తారు, సున్నా అయినా ఫరవాలేదు.

ఆ మాట పట్టుకుని ఆయన నా దగ్గరికి వచ్చాడు. చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. నాలుగు రోజులు స్టూలు మీద కూర్చుని రూల్సు చెప్పాడు, నేను టైపు చేశాను. పాట రూలు చెప్పేటప్పుడు కూడా "ఒకటోసారి, రెండోసారి, ఆఖరిసారి" అన్నాడు గానీ మూడో మాట అనలేదు. అట్ట మీద 'రేవు పాట' అని పెద్ద అక్షరాలు వేశాక, వెల ఎంత వెయ్యమంటారని అడిగాను.

"మీ ఇష్టం అని కొట్టండి."

"నా ఇష్టం ఏముంది మావయ్యా, మీరు చెప్పాలి."

"చెబుతున్నా కదండీ. మీ ఇష్టం. అదే కొట్టండి."

అర్థమయ్యేసరికి నాకు నిమిషం పట్టింది. "ఊరికే పట్టుకుపోతారు" అన్నాను.

"పోనీండి. ఆడితే చాలు."

"ముప్ఫై ఏళ్ళు రేట్లు పలికినవాళ్ళు మీరు. మీకిదేం సరదా?"

"అందుకేనండీ. నా నోట్లోంచి వచ్చింది చాలు. ఇప్పుడు అవతలోళ్ళ నోట్లోంచి విందామని" అన్నాడు, తువ్వాలు దులుపుకుంటూ.

జనం చేత ఇంకో పది, ఇంకో పది అని పలికించి బతికిన మనిషి ఆ మాటంటే నమ్మమంటారా? వార్డు ఎన్నికల్లో నిలబడతాడేమో అనుకున్నాను. పేరు పోగుచేసుకుని చిట్టీలు మొదలెడతాడేమో అనుకున్నాను. గుడివాడావిడే వెనక ఉండి నడిపిస్తోందని కూడా అనుకున్నాను, పాపం ఆవిడ నాకు ఏ ఆధారమూ ఇవ్వలేదు. చివరికి ఉండబట్టలేక, పుస్తకం అచ్చుకి వెళ్ళకముందే ఒక పొద్దున రేవుకి వెళ్ళి, ఐసు బుట్టల చాటున నిలబడి ఆయన పని చూశాను.

ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. అక్కడ నోరు మూసుకున్నాడు. వ్యాపారుల వైపు నుంచి పూర్తిగా తిరిగి, సరుకు గల మనిషి ముఖం చూస్తూ నిలబడ్డాడు. "కానీ మావయ్యా, ఎండెక్కుతోంది" అని వ్యాపారులు విసుక్కుంటున్నారు. ఆయన కదల్లేదు. సరుకు గలాయన తల ఊపాక గానీ మూడోసారి అనలేదు. ఆ ఆగడంలో ఒకాయన తొందరపడి ఇంకో వంద పెంచాడు కూడా. అదీ సంగతి, రేటు లేపే కిటుకు ఇదన్నమాట అనుకున్నాను. దొంగని పట్టుకున్నంత సంబరంగా ఇంటికి వచ్చాను.

పుస్తకాలు నా కౌంటరు మీదే పెట్టాడు, పక్కన ఖాళీ ఆవకాయ జాడీ. ఎవరు ఎంత వేస్తున్నారో కనపడకుండా మూతికి గుడ్డ కట్టి, మధ్యలో చీలిక పెట్టించాడు. ఆ గుడ్డ చూశాక నాకు అనుమానం ఇంకా పెరిగింది. జనం కూడా నాకంటే మెరుగేం కాదు. ఊరికే ఇస్తే తీసుకుంటారు, యాభై అంటే బేరమాడతారు, మీ ఇష్టం అంటే మాత్రం పుస్తకం కింద పెట్టి వెనక్కి జరుగుతారు. "తర్వాత ఫోన్లూ గీన్లూ చేస్తారా?" అని ఒకాయన గొంతు తగ్గించి అడిగాడు. తీసుకున్నవాళ్ళలో కొందరు పాట అనే మాట చూసి పడవ పాటలు అనుకున్నారు. కూచిపూడి నుంచి పెళ్ళికార్డుల పని మీద వచ్చిన ఒక డాన్సు టీచరుగారు జాడీలో వంద వేసి పట్టుకెళ్ళి, మర్నాడు ఫోను చేసి దులిపేసింది.

"ఇందులో పల్లవి ఏదండీ? ఐసు ముక్క తీసేయవలెను అని ఉందేంటి?"

ఆయనకి చెబితే, నాకు తెలిసి మొదటిసారి పైకి నవ్వాడు. ఆమె వంద ఆమెకి పంపించేయమన్నాడు. అట్ట మీద వేలంపాట అని మార్చమంటారా అంటే, "వద్దండీ, పాటే" అన్నాడు.

ఒకసారి పరీక్ష కూడా పెట్టాను. ఆయన షాపులో ఉన్న సమయం చూసి మా బావమరిదిని పిలిపించాను. వాడు ఆయన చూస్తుండగా జాడీలో రూపాయి బిళ్ళ ఒక్కటి వేసి పుస్తకం తీసుకోవాలి, ఆయన ముఖంలో ఏం కదులుతుందో నేను కంప్యూటరు చాటు నుంచి చూడాలి. బావమరిది వచ్చాడు, బిళ్ళ వేశాడు. అడుగున తగిలి గట్టిగానే మోగింది. ఆయన స్టూలు మీంచి లేచి నిలబడి, "నలుగురు ఉండాలండీ. మీరు యజమాని అయినప్పుడు ఎట్టా ఉందో వచ్చి చెప్పండి" అన్నాడు. అంతే. మావాడు సిగ్గుపడిపోయి జేబులోంచి యాభై తియ్యబోతే నేను కళ్ళతో వారించాను. ఆయన అది కూడా చూశాడనే అనుకుంటున్నాను. ముఖాలు చూడటమే కదా ఆయన పని.

నెట్లో ఎవరు తీసుకున్నారో లెక్చరరమ్మ అప్పుడప్పుడు ఫోనులో చెప్పేది. ఆయన నా షాపులోనే స్పీకరు పెట్టి వినేవాడు. ఎవరో పరాయి దేశంలో ఉంటున్న తెలుగాయన డాలర్లు ఇచ్చాడంటే నేను కుర్చీలోంచి లేచాను. ఆయన మాత్రం సున్నా ఇచ్చినవాళ్ళ గురించి అడిగాడు. "ఆ సున్నా బాబు ఆడాడంటనా అమ్మా? మళ్ళీ రాస్తే చెప్పు" అన్నాడు. సున్నా ఇచ్చినవాడి మీద అంత శ్రద్ధ చూపించే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. అది కూడా నటనే అనుకున్నాను.

ఇక నా చేతి సంగతి.

పుస్తకం పదహారు పేజీలు. పెద్ద కాగితం ఒకటి మడత పెడితే పదహారు వస్తాయి. పదిహేడో పేజీ పడిందంటే ఇంకో కాగితం, ఇంకో అచ్చు ప్లేటు. ఆయన చెప్పిన రూల్సు సరిగ్గా మూడు వరుసలు పదిహేడో పేజీలోకి దూకాయి. ఏదో ఒకటి తీసేయాలి కదా అని వెతుకుతుంటే పన్నెండో పేజీలో ఇది కనిపించింది.

'ఆఖరిసారి అనే ముందు పాటగాడు నోరు మూసుకోవాలి. సరుకు ఎవరిదో ఆ మనిషి ముఖం చూడాలి, కళ్ళు కలిసేదాకా ఆగాలి. ఆ మనిషి తల అడ్డంగా తిప్పితే పాట రద్దు.'

రేవులో చూసిన కిటుకే. దాన్ని ఆటలోకి కూడా ఎక్కించాడన్నమాట అనుకున్నాను. అయినా ఆటలో ముఖాలు చూసుకోవడమేంటి, పెళ్ళిచూపులా? తీసేస్తే ఎవరికి నష్టం? నిజం చెప్పాలంటే పద్నాలుగు పాయింట్ల అక్షరాన్ని పదమూడు చేస్తే అన్నీ పట్టేవి. కానీ అలా చేస్తే బొమ్మలు జరుగుతాయి, పేజీలన్నీ మళ్ళీ సర్దాలి. చేతిలో ఆరు రకాల పెళ్ళికార్డులున్నాయి. ఆ మూడు వరుసల మీద మౌస్ లాగి డిలీట్ నొక్కాను. ఆయనకి చెప్పలేదు. చదవలేని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. గుడివాడకి పంపిందీ ఆ ఫైలే.

పుస్తకాలు వచ్చిన నెల రోజులకి ఆయన వచ్చాడు. ఆ రోజు కూర్చోలేదు.

"ఎక్కడో తేడా కొడతా ఉందండీ" అన్నాడు. ఆడినవాళ్ళంతా ఒకటే చెబుతున్నారట. యజమాని వంతు వచ్చినవాడు ప్రతిసారీ మునుగుతున్నాడు, వ్యాపారులిద్దరూ కూడబలుక్కుంటే ఆట అయిపోతోంది. డాలర్లు ఇచ్చినతను కూడా, ఆట బాగుంది గానీ యజమానికి దిక్కు లేదని రాశాడట. "అందులో ఆ ఆగే మాట ఉందా అండీ?" అని అడిగాడు.

"ఉందండీ" అన్నాను. తెర మీంచి చూపు కూడా తిప్పలేదు.

"ఉంటే ఆళ్ళే సరిగ్గా ఆడట్లేదన్నమాట" అనుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండోసారి వానల్లో వచ్చాడు. తువ్వాలు బయట పిండుకుని, చంకలోంచి ఎండు రొయ్యల పొట్లం తీసి నా బల్ల మీద పెట్టి, ఎప్పటి స్టూలు మీద కూర్చున్నాడు. నేను అడక్కుండానే మొదలుపెట్టాడు.

"దివిసీమ నుంచి వచ్చిందండీ ఆ మనిషి. హంసలదీవి దగ్గర పల్లె. మొగుడు మంచాన పడితే తనే సరుకు తెచ్చుకుంది. వంజరం, మంచి సరుకు. యాపారులు ముందే మాట్లాడేసుకున్నారు. నాకూ తెలుసండీ ఆ సంగతి, తెలీదని ఎందుకు చెప్పాలి. పాట పైకి లేవట్లేదు. నేను ఆళ్ళ మొహాలే చూస్తా పాడుతున్నా. ఒకటోసారన్నా, రెండోసారన్నా. ఆఖరిసారి కూడా అనేసి ఇటు తిరిగా. చెయ్యెత్తి ఉందండీ."

"ఎవరు?"

"ఆ మనిషే. ఇవ్వనని. ఎప్పట్నుంచి ఎత్తి ఉంచిందో. నేను చూడలే." కాసేపు తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. "మాట వచ్చేశాక ఇంకేముందండీ, సరుకు పోయినట్టే. నన్నేం అన్లా. చెయ్యి దించుకుని, ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ మా రేవుకి రాలే. ఆ ఒక్క మాట కోసమేనండీ ఆట అంతా. చేపలూ గింజలూ అంతా ఊరికే. అది ఉందా అండీ అందులో?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. చెప్పాలంటే తీసేశానని చెప్పాలి, ఎందుకు తీసేశానో చెప్పాలి, మొదటిసారి అబద్ధమాడానని చెప్పాలి. ఆయన స్టూలు కొంచెం ముందుకి జరుపుకుని నా ముఖం వంక చూస్తున్నాడు.

"ఉందండీ" అన్నాను.

"అయితే సరేనండీ" అని లేచాడు. ఈ పుస్తకాలు అయిపోతే కొత్తగా వేసేటప్పుడు చల్లగా చేర్చేద్దామని మనసులో అనుకున్నాను. వెల మీ ఇష్టం అని రాసి ఉన్న పుస్తకాలు ఎప్పటికి అయిపోవాలి? ఆ రాత్రి మా ఆవిడ ఎండు రొయ్యలు వండింది. కడుపులో మంటగా ఉందని చెప్పి మజ్జిగన్నం తిన్నాను.

ఆ తర్వాత ఆయన వచ్చింది ఈ వేసవిలో, వేట నిషేధం మొదలైన వారంలో. మనిషి బాగా చిక్కిపోయాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చేతిలోని పుస్తకం కౌంటరు మీద పెట్టి, తల పక్కకి వంచి, నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. నోరు మూసే ఉంది. జిరాక్సు మిషను నడుస్తోంది, ఒకావిడ ఆధార్ కాపీల కోసం ఎదురుచూస్తోంది. "ఏంటి మావయ్యా?" అన్నాను. పలకలేదు. ఒక్కసారి కళ్ళు కలిశాయి. నేను చూపు తప్పించి మిషను వైపు తిరిగాను. మళ్ళీ చూసేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు, పుస్తకం కౌంటరు మీదే ఉంది. పెద్దాయన, ఏదో అడగబోయి మర్చిపోయి ఉంటాడు అనుకున్నానని చెప్పుకోవడం తేలిక. నిజానికి, బతికిపోయాను అనుకున్నాను.

ఫ్లెక్సీ మీద మామూలుగా అందరికీ రాసే అశ్రునివాళి మాటలే రాసి ఇచ్చాను. పెద్దకర్మకి పిలిస్తే వెళ్ళాను. రేవు పక్కన షామియానా వేశారు. భోజనాల వరసలో నా పక్కన కూర్చున్నావిడ పలకరించాక తెలిసింది, గుడివాడ లెక్చరరమ్మ. ఫోనులో వినడమే గానీ మనిషిని చూడటం అదే మొదలు.

"మీరేనా అండీ అచ్చు వేసింది? మీ గురించి చాలాసార్లు చెప్పేవారు మావయ్యగారు" అంది.

ఏం చెప్పాడో అని నాలో అనుమానం లేచి కూర్చుంది. "ఏమని?" అన్నాను.

"చెయ్యి మంచిదని" అంది ఆవిడ. అన్నం కలుపుకుంటూ తనే మళ్ళీ అందుకుంది. "ఒక ఆదివారం మా ఆటకి వచ్చారండీ. పుస్తకం మొదట్నుంచీ చదివి వినిపించమన్నారు. పన్నెండో పేజీలో ఆపి, తర్వాత? అన్నారు. తర్వాతది చదివాను. దాని ముందు? అన్నారు. ముందుది మళ్ళీ చదివాను. ఈ రెండిటి మధ్య ఇంకేం లేదా అమ్మా? అన్నారు. లేదండీ అన్నాను. సరే చదువమ్మా అన్నారు."

"ఎప్పుడండీ అది?"

"వానలు పడుతున్నాయి అప్పుడు. నాకు ఎండు రొయ్యలు తెచ్చారు. బందరులో మీకు కూడా ఇవ్వాలని ఇంకో పొట్లం చంకలో పెట్టుకుని ఉన్నారు."

"ఏం తగ్గిందో మీరు అడగలేదా?"

"ఎందుకడగలేదండీ. 'అది బందరులో ఉందమ్మా, వచ్చుద్దిలే' అన్నారు."

అంటే ఆ పొట్లం నా బల్ల మీద పెట్టేసరికే ఆయనకి తెలుసు. తెలిసే ఆ దివిసీమ మనిషి కథ చెప్పాడు, తెలిసే అడిగాడు, నా అబద్ధం తెలిసే విని సరేనన్నాడు. ఒకటోసారి అడిగాడు, రెండోసారి అడిగాడు. మూడోసారి అడగలేదు. అడిగి ఉంటే నేను మళ్ళీ ఉందనే అనేవాణ్ణి, ఆ అబద్ధం నాకు ఖాయమైపోయేది. అందుకే నోరు మూసుకుని, కళ్ళు కలిసేదాకా నా ముఖం చూశాడు. నేను తల అడ్డంగా తిప్పితే సరిపోయేది, ఒక్క మాట కూడా అక్కర్లేదు. ఇన్నాళ్ళూ నేను ఆయన్ని అనుమానిస్తూ కూర్చుంటే, ఆయన నా కోసం ఆగి ఉన్నాడు. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయ కొరికానని చెప్పి లేచిపోయాను.

తిన్నగా షాపుకి వచ్చాను. పాత ఫైలు తీసి, ఆ మూడు వరుసలూ ఆయన చెప్పినట్టే పన్నెండో పేజీలో కొట్టాను. ఒక్క అక్షరం దిద్దలేదు. పద్నాలుగుని పదమూడు చేశాను, బొమ్మలు జరిగితే సర్దాను. టీ చల్లారేలోపు అయిపోయింది. అన్నీ పదహారు పేజీల్లోనే పట్టాయి, చివర్లో రెండు వరుసల చోటు మిగిలింది కూడా. ఫైలు గుడివాడకి పంపాను.

మర్నాడు లెక్చరరమ్మ ఫోను చేసింది. "మధ్యలో ఉన్నది ఇదేనా అండీ! ఇది ఉంటే ఆట ఆటే వేరు. నెట్లో మార్చేస్తున్నాను. ఇదివరకు తీసుకున్నవాళ్ళందరికీ ఒక కబురు వెళ్తుంది, ఏం మారింది, ఎందుకు మారింది అని రెండు ముక్కలు రాయాలి. అచ్చులో జారిపోయిందని రాయమంటారా?"

మీ ఇష్టం అమ్మా అనబోయాను. మాట నోటి దాకా వచ్చింది. ఆగాను. అవతల ఆవిడ కూడా ఆగింది.

"జారిపోలేదమ్మా. అచ్చు వేసినవాడు తీసేశాడు. ఆయన వచ్చి అడిగితే, ఉందని రెండుసార్లు అబద్ధం చెప్పాడు. అలాగే రాయండి" అన్నాను.

"పేరు అక్కర్లేదు కదండీ, అచ్చు వేసినవారు అంటే సరిపోతుంది" అంది మెల్లగా, నాకు దారి ఇస్తున్నట్టు.

"అక్కరుందమ్మా, రాసుకోండి" అని, ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను.